ఆ రీలులో మాట లేదు

[తెర మీద: పాత కలర్ ఫిల్మ్, ఆసుపత్రి మంచం. శబ్దం ఉండదు. ఐదు సెకన్లు అలాగే ఉంచాలి.]

వ్యాఖ్యానం: 1946 జనవరి. నాగసాకి దగ్గర ఓమురా ఆసుపత్రి. బోర్లా పడుకున్న ఈ కుర్రాడు సుమితెరు తనిగుచి. అంతకు ముందు ఆగస్టు 9న సైకిల్ మీద ఉత్తరాలు పంచుతుంటే, 1.8 కిలోమీటర్ల దూరంలో అణుబాంబు పేలింది. అప్పటికి 16 ఏళ్లు. వీపంతా కాలిపోయింది. ఏడాది తొమ్మిది నెలలు బోర్లానే ఉన్నాడు. నొప్పి తట్టుకోలేక చంపేయమని బతిమాలేవాడు.

ఆ మాట మనకు వినిపించదు. ఫిల్మ్ తీసింది అమెరికా సైన్యం వాళ్లు. బాంబు ఎంత నష్టం చేసిందన్నదే వాళ్లకు కావాల్సింది. కాలిన వీపును తీసుకున్నారు, మనిషిని అడగలేదు. తర్వాత ఆ రీళ్లను రహస్యమని దాచేశారు.

[తెర మీద: రీలు డబ్బా, దగ్గరగా.]

1980లో జపాన్ ప్రజలు చందాలు వేసుకున్నారు. ఒక్కొక్కరు 3,000 యెన్లు ఇస్తే పది అడుగుల ఫిల్మ్ కాపీ కొనొచ్చు. పది అడుగులంటే తెర మీద కొన్ని సెకన్లే. అలా ముక్కముక్కగా తమ కథను తామే కొనుక్కున్నారు.

బొమ్మ దొరికింది, మరి గొంతు? అణుబాంబు బాధితులను జపాన్‌లో హిబకుషా అంటారు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని, ఉద్యోగాలు రావని చాలామంది కన్నపిల్లలకు కూడా చెప్పుకోలేదు. అలాంటివాళ్లు ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని చెబుతున్నారు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం ఆ వీడియోలను భద్రపరుస్తోంది.

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతారు. ఎడిటింగ్‌లో ఆ మౌనాన్ని కత్తిరించకూడదు. చెప్పలేకపోవడం కూడా సాక్ష్యమే కదా!

2025 మార్చి నాటికి జపాన్ ప్రభుత్వ లెక్కల్లో హిబకుషా లక్ష లోపే. సగటు వయసు 86 దాటింది. అంటే ఇప్పుడు చెబుతున్నవాళ్లలో చాలామంది ఆ రోజు చిన్నపిల్లలు. మిగిలింది కొద్ది కాలమే.

[తెర మీద: 2010, న్యూయార్క్, ఐక్యరాజ్యసమితి.]

అణ్వాయుధాల సమావేశంలో మాట్లాడుతున్న ఈ పెద్దాయన తనిగుచే. చేతిలో ఉన్నది తన కాలిన వీపు ఫొటో. తాను ప్రదర్శన వస్తువును కానని, చూపు తిప్పుకోకుండా మళ్లీ ఒకసారి తనను చూడమని అడిగారు. 2017లో కన్నుమూశారు.

[ఇక్కడ మ్యూజిక్ వద్దు. ఆయన గొంతు పూర్తిగా వినిపించాలి.]