కొబ్బరినూనె, రొయ్యల చెరువు, వెలుగు వంపు

నిర్వాహకురాలు: మాస్టారూ, భీమవరం పక్కన చెరువు గట్టు మీద నిలబడి, రొయ్యల రైతులు ఒక్క నీటిచుక్కను గాజుపలక మీద వేసి, చిన్న గొట్టాన్ని వెలుగుకేసి పట్టి చూసి, ఉప్పదనం ఎంతో చెప్పగలుగుతున్నారు. అది వారికి ఎలా తెలుస్తోందండీ?

మాస్టారు: ఆ గొట్టం పేరు రిఫ్రాక్టోమీటరమ్మా. నిజానికి అది కొలిచేది ఉప్పును కాదు, నీటి వక్రీభవన గుణకాన్ని. అంటే శూన్యంలో కాంతి వేగం ఆ నీటిలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్యను. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే, అందులోకి వాలుగా వచ్చిన వెలుగు అంత ఎక్కువగా వంగుతుంది. మంచినీటికి అది 1.333, సముద్రపు నీటికి సుమారు 1.339.

నిర్వాహకురాలు: ఉప్పు కలిస్తే నీరు బరువెక్కుతుంది కనుక గుణకం పెరిగిందనుకోవచ్చునా?

మాస్టారు: నా విద్యార్థులు కూడా మొదట ఆ మాటే అంటారు. కాని మన కోనసీమ కొబ్బరినూనెను చూడమ్మా, అది నీటి మీద తేలుతుంది, అయినా దాని గుణకం సుమారు 1.45. నీటికంటే తేలికైనది వెలుగును ఎక్కువగా వంచుతున్నప్పుడు, అసలు కారణాన్ని బరువులో వెతకకూడదు.

నిర్వాహకురాలు: మరి ఎక్కడ వెతకాలండీ?

మాస్టారు: ఎలక్ట్రాన్లలో. కాంతి అల పదార్థంలో ప్రవేశించగానే దాని విద్యుత్ క్షేత్రం అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు అదే పౌనఃపున్యంతో, అంటే సెకనుకు అన్నేసి ఊపులతోనే, తమ అలలను వెలువరిస్తాయి. ఆ అలలన్నీ అసలు అలతో కలిసినప్పుడు మొత్తం అల కాస్త వెనుకబడుతుంది, దానినే మనం వేగం తగ్గిందని అంటున్నాము. కాబట్టి ఒక ఘనపరిమాణంలో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఎంత సులువుగా ఊగుతాయన్నది అంతే ముఖ్యం. నీటిలో ఆక్సిజన్ వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది, నూనెలోని కార్బన్ గొలుసుల్లో ఆ పట్టు అంతగా ఉండదు. మీ చెరువు ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అనే విద్యుదావేశమున్న కణాలుగా, అంటే అయాన్లుగా విడిపోతుంది. అక్కడ కూడా సోడియం అయానుకంటే క్లోరైడ్ అయాను ఎలక్ట్రాన్ మేఘమే ఎంతో వదులైనది, గుణకం పెరగడంలో పెద్ద వాటా దానిదే.

నిర్వాహకురాలు: రంగును బట్టి కూడా గుణకం మారుతుందంటారు కదా?

మాస్టారు: మారుతుంది. నీటిలోని ఎలక్ట్రాన్ల సహజ పౌనఃపున్యాలు, అంటే అవి తమంతట తాము ఊగే వేగాలు, కంటికి కనిపించని అతినీలలోహిత ప్రాంతంలో ఉన్నాయి. ఊదారంగు దానికి దగ్గరిది కనుక ఎలక్ట్రాన్లను మరింతగా ఊపగలదు. అందుకే ఎరుపుకు 1.331 అయితే ఊదాకు 1.343. వాన వెలిశాక గోదావరి మీద కనిపించే ఇంద్రధనుస్సులో రంగులు విడివడడానికి ఈ తేడాయే కారణం.

నిర్వాహకురాలు: ఎండ ముదిరాక కొలిస్తే లెక్క తప్పుతుందని రైతులు అనడం విన్నాను.

మాస్టారు: వారి మాట నిజమే. వేడికి నీరు వ్యాకోచిస్తే అదే చోటులో ఎలక్ట్రాన్లు తగ్గుతాయి. సుమారు 2 డిగ్రీల పెరుగుదలకు తగ్గే గుణకం, కిలో నీటిలో ఒక గ్రాము ఉప్పు తగ్గినదానితో దాదాపు సమానం. ఉష్ణోగ్రత సవరణ లేని పరికరమైతే, అదే వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌తో ముందు సున్నా సరిచేసుకుని, ఆ తరువాతే చెరువు నీటిచుక్కను వేయాలి.