రాయని పేజీ ముందు కనపడాలి

అందరికీ నమస్కారమండి.

ఊరి కాలువ చరిత్ర పుస్తకంగా తేవాలని ఇంతమంది కూడారు. ఇలాంటి పనిలో మామూలుగా జరిగేదేమిటో మీకూ తెలుసు. ఒకరు వర్డ్ ఫైలు చేసి వాట్సాప్‌లో పెడతారు, నలుగురు నాలుగు ఫోన్లలో దిద్దుతారు. వారం తిరిగేసరికి ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని మూడు తయారవుతాయి. ఎవరి దిద్దుబాటు ఎందులో ఉందో దేవుడికెరుక.

వికీ అంటే అందరూ కలిసి రాసి, దిద్దుకునే వెబ్‌సైటు. అందులో పేజీ ఒక్కటే. దాని వెనక చరిత్ర ఉంటుంది: ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అంతా. వికీ అనగానే వికీపీడియా గుర్తొస్తుంది గాని, అది 2001లో వచ్చింది. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో పెట్టిన మొదటి వికీ ప్రోగ్రామర్లు తమ పని సంగతులు కలిసి రాసుకోవడానికి. మనకు కావలసింది ఆ పాత వాడకమే. పైగా మీ తాతగారు చెప్పిన మాట వికీపీడియాలో నిలవదు. అచ్చయిన ఆధారం లేని సొంత పరిశోధనను అక్కడ ఒప్పుకోరు. కాబట్టి సొంత వికీ పెట్టుకోండి. వికీ నడిపే సాఫ్ట్‌వేర్లలో డాకువికీ ఒకటి, దానికి డేటాబేసు అక్కర్లేదు, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. పదిమందికి అది చాలు. వికీపీడియా నడిచే మీడియావికీకి సౌకర్యాలెక్కువ, చాకిరీ కూడా ఎక్కువే. ఇప్పుడు చెప్పబోయేవి మీడియావికీ పేర్లతో చెబుతాను.

మొదటిరోజు ఎవరూ ఏమీ రాయొద్దు. ‘విషయ సూచిక’ అని ఒక పేజీ తెరిచి పేర్లు మాత్రం వేయండి, ఒక్కోటీ జంట బ్రాకెట్లలో: [[ఆనకట్ట]], [[లాకులు]], [[లస్కర్లు]], [[మురుగు కాలువలు]], [[పడవల రవాణా]], [[1996 తుపాను]]. ముప్పై నలభై పేర్లు వస్తాయి. భద్రపరచగానే అన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఎరుపంటే ఆ పేజీ ఇంకా లేదని. తప్పు చేశామేమోనని కంగారుపడి వాటిని తీసేస్తుంటారు, తీయకండి. మీ ప్రణాళిక అదే. ‘లాకులు’ పేజీ రాసేవారు మధ్యలో [[లాకు సూపరింటెండెంటు]] అని మరో ఎర్ర లింకు వదలాలి, తాను రాయకపోయినా సరే. నెల తర్వాత ‘కోరిన పేజీలు’ జాబితా తెరిస్తే, ఎక్కువ చోట్ల నుంచి లింకులున్నా ఇంకా పుట్టని పేజీ పైన కూర్చుంటుంది. తర్వాత రాయాల్సింది అదే. దీనికోసం మీటింగు పెట్టక్కర్లేదు.

పేజీ మూడు నుంచి ఐదు వందల మాటలుండాలి. వెయ్యి దాటితే విడగొట్టండి.

తెలుగులో అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఒకరు ధవళేశ్వరం అంటారు, ఒకరు ధవళేశ్వరము, మరొకరు దౌలేశ్వరం. వికీకి అవి మూడు ఊళ్లు. ఒకటి ఖాయం చేసి, మిగతా రెండు పేజీల్లో #దారిమార్పు [[ధవళేశ్వరం]] అని పెట్టండి, ఆ పేర్లు నొక్కినవారు ఈ పేజీకే చేరతారు. ఇంతకన్నా దొంగ చిక్కు ఒకటుంది. ‘రెగ్యులేటర్’ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనపడని అక్షరం ఒకటి వదులుతాయి. రెండు పేర్లూ చూపుకి ఒకటే, లింకు మాత్రం ఎర్రగానే ఉంటుంది. లింకు మొత్తం చెరిపి, చేత్తో మళ్లీ టైపు చేస్తే పోతుంది. శీర్షికల్లో ‘రెగ్యులేటరు’ అని ఉకారంతో రాసుకుంటే ఆ బెడదే ఉండదు.

ఇక తగాదాలు. ‘పెద్ద వరదకి గట్టు తెగింది’ అని ఒక పెద్దాయన చెబుతారు. ఏ పెద్ద వరద? 1953 ఆగస్టుదా, 1986 ఆగస్టుదా? ఇద్దరు రెండు చెబితే అసలు పేజీలో ఒకరిది కొట్టేసి ఒకరిది రాయకండి. రెండూ ఆ పేజీకి జంటగా ఉండే ‘చర్చ’ పేజీలోకి వెళ్లాలి: చెప్పినవారెవరు, అప్పటికి వారి వయసెంత, ఎవరు ఏ రోజు అడిగారు. చివర నాలుగు టిల్డా గుర్తులు (~~~~) కొడితే రాసినవారి సంతకం, తేదీ అవే పడతాయి. తేలేదాకా అసలు పేజీలో ‘సంవత్సరం తేలాలి’ అన్న వర్గం తగిలించండి, అలాంటి పేజీలన్నీ ఒక జాబితాలో చేరతాయి. అచ్చుకు ముందు ఆ వర్గం ఖాళీ అయిందో లేదో చూస్తే చాలు.

పదే పదే వచ్చే సంగతులకు మూస వాడండి, అంటే ఒకచోట రాసి ఎన్ని పేజీల్లోనైనా చూపించే ముక్క. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు ప్రతి పేజీలో విడిగా రాసుకున్నవారు పేజీ పేజీ వెతకాలి. మూసలో ఉంటే ఒక్కచోట మారిస్తే సరి.

ఇద్దరు ఒకేసారి దిద్దితే? మీడియావికీ ఇద్దరినీ రానిస్తుంది. ఇద్దరూ ఒకే పేరా ముట్టుకుంటే మాత్రం రెండోవారిని ఆపి, రెండు పాఠాలూ చూపిస్తుంది. పై పెట్టెలో ఉండేది మొదటివారి పాఠం, కంగారులో మళ్లీ ‘భద్రపరచు’ నొక్కితే అదే నిలిచి రెండోవారి పని కొట్టుకుపోయినట్టే. అది చరిత్రలో కూడా దొరకదు. డాకువికీ పద్ధతి మన కాలువ లాకు పద్ధతే: ఒక పడవ లోపలుంటే తలుపు మూసే ఉంటుంది. మామూలుగా 15 నిమిషాలు. పేజీ తెరిచి టీకి వెళ్లొద్దు.

వికీ చేయలేనిది ఒకటుంది. పేజీలు వల అల్లుకుంటాయి గాని వరసలో నిలబడవు, పుస్తకానికేమో వరస కావాలి. అధ్యాయాల క్రమం ఒక్క మనిషి చేతిలో పెట్టండి, ఓట్లు వద్దు. ఒక తేదీ చెప్పి, ఆ రోజు ఉన్న రూపాన్నే డీటీపీకి ఇవ్వండి. అక్కడ యూనికోడ్ పాఠాన్ని పాత అచ్చు ఫాంట్లలోకి మారుస్తారు. కొన్ని వత్తులు విరిగేది, అంకెలు చెదిరేది అక్కడే, కాబట్టి మార్చాక ఒక ప్రూఫు తప్పదు. ఆ ప్రూఫులో దిద్దిన ప్రతి తప్పూ అదే సాయంత్రం వికీలోనూ దిద్దాలి. లేదంటే రెండో ముద్రణకి పాత తప్పులన్నీ కొత్త కాగితం మీద తిరిగొస్తాయి.

ల్యాప్‌టాప్‌లు తెరవండి. ‘విషయ సూచిక’ ఖాళీగా ఉంది. మొదటి పేరు ఎవరు చెబుతారు?