గోతిక్ చేతి కవచం: ముంజేతి రేకుకు గాడులు వేద్దాం

నమస్కారం అండీ. ఈరోజు చేతి కవచం చేద్దాం, గోతిక్ పద్ధతిలో. 15వ శతాబ్దం చివర జర్మన్ కవచాలు ఇలా ఉండేవి. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లోరెంజ్ హెల్మ్‌ష్మీడ్ అనే పనివాడు టిరోల్ పాలకుడు ఆర్చ్‌డ్యూక్ సిగిస్మండ్‌కు చేసిన కవచం వియన్నా మ్యూజియంలో ఉంది. దాని రేకుల మీది గాడులు విసనకర్ర మడతల్లా విచ్చుకుంటాయి. ఎంత చూసినా నాకు తనివి తీరదు. అవి అందం కోసమే కాదండీ. షెడ్డు మీద వేసే మడతల రేకు చూడండి, పల్చగా ఉన్నా వంగదు కదా? ఇదీ అంతే.

మూడు ముక్కలు: ముంజేతికి గొట్టం, మోచేతికి గిన్నె, జబ్బకు ఇంకో గొట్టం. రేకు 1.2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్. జింకు పూసిన రేకు మాత్రం వద్దు, కాల్చితే వచ్చే పొగ ప్రమాదం. అట్ట మీద నమూనా గీశాం, చేతికి చుట్టి చూశాం, రేకు మీదకి దించాం. సరే.

ఇక్కడ కాస్త ఆగండి. నేను మొదటిసారి అట్ట కొలతకే సరిగ్గా కత్తిరించేశాను. గాడులన్నీ వేశాక చుట్టి చూస్తే అంచులు కలవలేదు! రెండు రోజుల పని పోయింది. ప్రతి గాడీ కొంచెం వెడల్పు తినేస్తుంది. అందుకే రెండు పక్కలా రేకు వదలండి, గాడులు అయ్యాకే కత్తిరించండి. మధ్య గాడి ముందు, తర్వాత అటొకటి ఇటొకటి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో రేకు ఉబ్బుతుంది.

ఇదిగో ఉలి. అంచు గుండ్రంగా అరగదీశాను, పదునుంటే రేకు చిట్లుతుంది. కింద చెక్క మొద్దు. చిన్న దెబ్బలు, ఉలి ఎత్తకుండా జరుపుతూ... చూశారా, పక్కన గట్టు లేస్తోంది. ఒకేసారి లోతుకి కొట్టకండి, మూడు నాలుగు సార్లు తిరిగి రండి. నాకైతే పెద్ద సుత్తి కన్నా తేలికదే ఇష్టం, చేయి అదుపులో ఉంటుంది.

తర్వాత పైపు మీద పెట్టి చుట్టేయడమే. గాడులు పొడుగునా ఉన్నాయి కాబట్టి తేలిగ్గా వంగుతుంది. గిన్నె అయితే మొద్దులో గుంట చేసి, అంచు నుంచి మధ్యకు కొడుతూ రండి. గట్టిపడితే ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనివ్వండి.

ఇక రివెట్లు, అంటే ముక్కలను కలిపే మేకులు. రేకులు కదలడానికి సందు ఉండాలి కాబట్టి, రెండు రేకుల మధ్య అట్టముక్క పెట్టి కొట్టండి. ఆ తర్వాత అట్ట లాగేస్తే... ఇదిగో, మోచేయి మడుస్తున్నాను. ఎక్కడా పట్టేయడం లేదు చూడండి.