షాపు అద్దం ముందు పాప: "సో క్యూట్" అనకండి ప్లీజ్

పాత స్ట్రీట్ ఫోటోల్లో పిల్లలు షాపు అద్దంలోకి నోరెళ్ళబెట్టి చూస్తుంటారు కదా, దాని కింద ఎవరో ఒకరు "అబ్బ, ఎంత అమాయకత్వం" అని కామెంట్ పెడతారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది, అందుకే ఈ వీడియో.

ఇది చూడండి. 1956, అమెరికాలో అలబామా రాష్ట్రం, మొబీల్ ఊరు (మొబైల్ కాదు బాబూ, మొబీల్). తీసింది గోర్డన్ పార్క్స్, లైఫ్ అనే అమెరికన్ ఫోటో మ్యాగజైన్ స్టాఫ్‌లో మొదటి నల్లజాతి ఫోటోగ్రాఫర్. ఒక చిన్న పాప, పక్కన అమ్మమ్మో నానమ్మో, ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట కాబట్టి మనకి తెలిసే దారి లేదు. అద్దం వెనక మంచి మంచి బట్టలేసుకున్న పిల్లల బొమ్మలు. అన్నీ తెల్లపిల్లలే. పాప నల్లపిల్ల.

ఇప్పుడు మన మిఠాయి కొట్లో అద్దాల బీరువా గుర్తు తెచ్చుకోండి. లోపల మైసూర్ పాక్, బయట మనం, జేబులో పైసా లేదు. సరే, డబ్బులు తెచ్చుకుంటే కొట్టాయన తీసి చేతిలో పెడతాడు, అద్దం కథ అక్కడితో అయిపోయింది. మొబీల్లో అలా కాదు. డబ్బులున్నా సరే, అప్పట్లో అక్కడి చాలా షాపుల్లో నల్లవాళ్ళని బట్టలు తొడుక్కుని చూసుకోనిచ్చేవాళ్ళు కాదు, సరిపోయినా సరిపోకపోయినా కొనుక్కుని పోవడమే. అంటే మైసూర్ పాక్ అమ్ముతాడు, నీ డబ్బులు తీసుకుంటాడు, కానీ రుచి చూడమని శాంపిల్ ముక్క మాత్రం పక్కోడికే పెడతాడు. పైగా కొట్లోకి రావడానికి నీకు వేరే గుమ్మం. నేను కల్పించి చెప్పట్లేదు, ఇదే సిరీస్‌లో ఇంకో ఫోటో ఉంది, డిపార్ట్‌మెంట్ స్టోర్ గోడకి నియాన్ లైట్లతో "కలర్డ్ ఎంట్రన్స్" (అంటే నల్లవాళ్ళ గుమ్మం) అని బోర్డు, దాని కింద చక్కగా ముస్తాబై నిలబడ్డ ఒకావిడ, ఒక పాప.

ఇంకోటి, ఇవన్నీ కలర్‌లో తీశాడు, నా దృష్టిలో అసలు దెబ్బ అదే. బ్లాక్ అండ్ వైట్ అయితే "ఎప్పటి సంగతో, పాపం" అనేసి వెళ్ళిపోతాం, కలర్‌లో ఆ గౌన్లు మనక్కూడా కావాలనిపిస్తాయి, పాప పక్కన మనమూ నిలబడిపోతాం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఇందులోనే కంచె ఫోటో: ఇనప జాలీ అవతల తెల్లపిల్లలకి మాత్రమే అయిన ఆటస్థలం, ఇవతల నల్లపిల్లలు, వెనక నుంచి తీశాడు, ఒక్క మొహం కూడా కనపడదు, ఇక్కడ క్యూట్ అనండి చూద్దాం. 1956 సెప్టెంబర్‌లో కొన్ని లైఫ్‌లో వచ్చాయి, మిగతావి పోయాయనే అనుకున్నారు. పార్క్స్ 2006లో చనిపోయాడు. 2012లో దొరికాయి, ఒక పాత పెట్టె అడుగున, కాగితం చుట్టి, టేపు వేసి, పైన "సెగ్రిగేషన్ సిరీస్" అని రాసి. సెగ్రిగేషన్ అంటే ఇదే, నల్లవాళ్ళని తెల్లవాళ్ళ నుంచి వేరు చేసి పెట్టడం.