జనం చేత పాడించిన పీట్ సీగర్

శ్రోతలకు నమస్కారం.

ఊరూరా తిరిగి పాడేవాళ్ళ గురించి మాట్లాడమంటే నాకు ముందుగా గుర్తొచ్చే పేరు పీట్ సీగర్. అమెరికా జానపద గాయకుడు. 1919లో పుట్టారు. 2014 జనవరిలో, 94 ఏళ్ళ వయసులో పోయారు. మధ్యలో డెబ్బై ఏళ్ళకు పైగా పాడుతూనే ఉన్నారు. పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ, ఆయన ఊరూరా తిప్పిన ఒక పాటను మాత్రం ఏదో ఒక రూపంలో పాడే ఉంటారు. బళ్ళో పిల్లలు వరసగా నిలబడి పాడే 'హమ్ హోంగే కామ్‌యాబ్' ఉంది చూడండి, దానికి మూలం 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. అది సీగర్ రాసిన పాట కాదు. నల్లజాతి వాళ్ళ చర్చిల్లో, పొగాకు కార్మికుల సమ్మెలో పెరిగిన పాట. ఆయన దానికి కొన్ని చరణాలు చేర్చి, వెళ్ళిన ప్రతిచోటా జనం చేత పాడించారు.

జనం చేత పాడించారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

కుర్రతనంలో హార్వర్డ్ చదువు మధ్యలో వదిలేసి, బాంజో అనే తీగల వాయిద్యం భుజాన వేసుకుని బయల్దేరారు. 1940లో వుడీ గత్రీ అనే జానపద గాయకుడు పరిచయమయ్యాడు. దారి ఖర్చులు సంపాదించుకోవడం ఎలాగో ఆయనే నేర్పాడు. బారులోకి వెళ్ళు, బాంజో వీపున తగిలించుకునే ఉండు, ఒక బీరు తీసుకుని మెల్లగా తాగు. ఎవడో ఒకడు "అబ్బాయ్, అది వాయించడం వచ్చా?" అని అడుగుతాడు. వెంటనే ఎగబడకు. "ఏదో కొంచెం" అని ఊరుకో. కాసేపటికి వాడే డబ్బులిచ్చి పాడమంటాడు. అప్పుడు బాంజో ముందుకు తిప్పి నీకొచ్చిన వాటిలో మంచి పాట ఎత్తుకో. ఈ ముచ్చట సీగర్ ముసలితనంలో కూడా మురిసిపోతూ చెప్పేవారు.

తర్వాత పేరొచ్చింది. 1950లో ఆయన బృందం వీవర్స్ పాడిన 'గుడ్‌నైట్ ఐరీన్' 13 వారాల పాటు అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. ఆ వెంటనే కష్టాలూ వచ్చాయి. ఆయన ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారు. 1955లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ కమిటీ ఒకటి పిలిచి, ఎవరి సభల్లో పాడావో చెప్పమంది. నా నమ్మకాల గురించి, నా స్నేహాల గురించి అడిగే హక్కు మీకు లేదు, కావాలంటే ఆ పాటలే పాడి వినిపిస్తానన్నారు. వాళ్ళు వద్దన్నారు. 1961లో ఏడాది జైలుశిక్ష పడింది, 1962లో పై కోర్టు కొట్టేసింది. టీవీ తలుపులు మాత్రం చాలా ఏళ్ళు మూసే ఉన్నాయి.

మరి పాడేది ఎక్కడ? స్కూళ్ళలో, కాలేజీల్లో, పిల్లల వేసవి శిబిరాల్లో. ఇవాళ ఒక ఊరు, రేపు ఇంకో ఊరు. ఏ రోజు ఎక్కడ పాడాలో చూసుకునే భారం భార్య తోషీ మోశారు. ఆమె లేకపోతే అంత తిరుగుడు సాగేదే కాదని నా అభిప్రాయం. ఆ స్కూళ్ళలో విన్న పిల్లలే పెరిగి పెద్దవాళ్ళై, 1960ల్లో గిటార్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. టీవీ ఆయన్ని వద్దనుకుంది, ఒక తరం ఆయన దగ్గరే పాట నేర్చుకుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన సంఘటన చెబుతాను. 2009 జనవరి 18. వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు పెద్ద సభ. రెండు రోజుల్లో ఒబామా ప్రమాణ స్వీకారం. ఎముకలు కొరికే చలి, కనుచూపు మేర జనం. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పక్కన 89 ఏళ్ళ సీగర్, తల మీద ఉన్ని టోపీ, చేతిలో బాంజో. వెంట మనవడు. ఎత్తుకున్నది గత్రీ 1940లో రాసిన 'దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్'. అప్పటికి సీగర్ గొంతు చాలావరకు పోయింది. అయినా ఆయన పని ఆయన చేస్తూనే ఉన్నారు. ఒక పంక్తి పాడటం అయిపోగానే, ఊపిరి తీసుకునే ఆ కాస్త సందులో, తర్వాతి పంక్తిని గబగబా మాటల్లో అరిచి చెప్పేస్తారు. జనం అందుకుంటారు. మళ్ళీ సందు, మళ్ళీ మాటలు, మళ్ళీ జనం. నాటకంలో తెర వెనక నుంచి మాట అందించేవాడి పని, కాకపోతే ఇక్కడ వేదిక మధ్యలో నిలబడి, లక్షల మందికి.

పైగా ఆ రోజు పాడించినవి అందరికీ వచ్చిన చరణాలు మాత్రమే కావు. సొంత ఆస్తి, లోపలికి రావద్దన్న బోర్డు గురించి ఒక చరణం, సాయం కోసం వరసలో నిలబడ్డ ఆకలి మనుషుల గురించి ఇంకొకటి. స్కూలు పుస్తకాల్లో మామూలుగా వదిలేసే చరణాలు అవి. జనానికి రావు. రావు కాబట్టే ముందుగా చెప్పాలి. ముందుగా చెబితే రాని చరణం కూడా వస్తుంది! ఆ వీడియో ఎప్పుడు చూసినా నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఇది మనమూ చేయొచ్చు. కాగితాలు పంచితే అందరూ తల వంచుకుని చదువుతారు, గొంతు పైకి రాదు. పాడించేవాళ్ళు పంక్తి చివరి అక్షరాన్ని సాగదీయకుండా కాస్త ముందే వదిలేయాలి. ఆ ఖాళీలో తర్వాతి పంక్తిని రాగం లేకుండా, తాళం తప్పకుండా, గట్టిగా చెప్పాలి. పొడుగు పంక్తి అయితే మొదటి మూడు నాలుగు మాటలు చాలు. శ్రుతి కూడా తగ్గించుకోవాలి. సీగర్ తన బాంజో మెడ పొడుగు చేయించి, మూడు మెట్లు అదనంగా పెట్టించుకున్నారు, కింది శ్రుతిలో పాడటానికి వీలుగా. మనకు హాయిగా ఉన్న శ్రుతి, ఎప్పుడూ పాడనివాళ్ళకు ఎక్కువే అవుతుంది.

మొదటి రెండు పంక్తుల్లో జనం తడబడతారు. ఆపకండి, వెనక్కి వెళ్ళకండి. చెబుతూనే ఉండండి. మూడో పంక్తికి అందుకుంటారు.

సెలవు. నమస్కారం.