బ్యారేజీ గేట్లు, వల కన్నులు: 61 రోజుల వేట నిషేధం ఒక్కటే ఎందుకు చాలదు

[ఉదయం. విజయవాడ. కృష్ణలంక కట్ట మీద నుంచి ప్రకాశం బ్యారేజీ.]

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా బాబాయి ఒక మాటన్నాడు. "ఏరా, వేట నిషేధం ముందు 47 రోజులన్నారు. తర్వాత 61 అన్నారు. ఇప్పుడు వల కన్ను అంటున్నారు, చేప సైజు అంటున్నారు. రూల్ పెట్టేవాళ్లకే క్లారిటీ లేకపోతే వేటకెళ్లేవాడు ఏం చేస్తాడ్రా?"

బాబాయి ఒక్కడే కాదు. ఏప్రిల్ వచ్చిందంటే టీ కొట్టు దగ్గరో, చేపల మార్కెట్లోనో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. రూల్ మారడమే తప్పన్నట్టు మాట్లాడతాం. చేపల విషయంలో రూల్ మారకపోతేనే అసలు ప్రమాదం. ఈ వీడియో దాని గురించే.

ఇటు చూడండి. ఈ బ్యారేజీకి 70 గేట్లు. వానాకాలంలో ఇక్కడ ఏం జరుగుతుందో మనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పైన పులిచింతల నుంచి ఎంత వదిలారు, మున్నేరు ఎంత తెస్తోంది, అది చూసి ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు అని లెక్కేసి ఎత్తుతారు. పొద్దున పది గేట్లు, సాయంత్రానికి నలభై. "వీళ్లకి క్లారిటీ లేదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అని ఎవరైనా అంటారా? ఎవరూ అనరు. పొద్దున పెట్టిన ఎత్తులోనే గేట్లు వదిలేసి ఇంటికెళ్లిపోతే అప్పుడు తిడతాం.

చేపల రూల్స్ కూడా గేట్లే. ఎన్ని రోజులు వేట ఆపాలన్నది ఒక గేటు. వల కన్ను, అంటే వల అల్లికలో సందు, ఎంత ఉండాలన్నది ఇంకో గేటు. ఏ సైజు చేపని ఒడ్డుకు తేవచ్చు, ఏ బోటు ఒడ్డుకి ఎంత దూరంలో వేట చెయ్యాలి, ఇవి మరో రెండు. సముద్రంలో చేప ఎంతుంది, బోటుకి ఎంత బలమొచ్చింది అన్నది మారేకొద్దీ ఈ గేట్లు తిప్పుతూ ఉండాలి.

ముందు బాబాయి అన్న 47, 61 సంగతి. మన తూర్పు తీరంలో ఒకప్పుడు ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా నిషేధం ఉండేది. 47 రోజులు. 2015లో దాన్ని జూన్ 14 దాకా పొడిగించారు. 61 రోజులైంది. చాలా రకాల చేపలకి అది గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజన్ ఉన్న బోట్లన్నీ ఒడ్డునే ఉండాలి. ఇంజన్ లేని నాటు పడవలకీ, తెప్పలకీ మినహాయింపు ఉంది.

ఇక్కడ ఇంకో అపోహ కూడా తీర్చేస్తా. "నిషేధమంటారు, మార్కెట్లో చేపలు ఉంటూనే ఉన్నాయి, అంతా ఉత్తిదే" అంటారు. ఉత్తిది కాదండీ. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. అంటే మన బోట్లు ఆగిపోయిన నెలన్నర పాటు అటువైపు బోట్లు తిరుగుతూనే ఉంటాయి, ఆ సరుకు ఐసు పెట్టెల్లో ఇటు రావచ్చు. రెండు తీరాలూ ఒకేసారి ఆగేది జూన్ 1 నుంచి 14 దాకా, ఆ రెండు వారాలే. ఇక బొచ్చె, శీలావతి అంటారా, మార్కెట్లో దొరికేవి ఎక్కువగా చెరువువి. వాటికీ ఈ నిషేధానికీ సంబంధం లేదు.

"చెరువు చేపలున్నాయిగా, ఇక సముద్రం గోల మనకెందుకు?" అనేవాళ్లు కూడా ఉన్నారు. చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలోనే ముందుంది, అందులో ఎక్కువ భాగం చెరువులదే, నిజం. కానీ కానాగంతల్ని, కవళ్లని ఏ చెరువులో పెంచుతున్నారు? తక్కువ రేటుకి దొరికే చేప అదే. కూలికెళ్లి వచ్చిన ఇంట్లో పొయ్యి మీద ఉడికేది అదే. అది తగ్గిపోతే చెరువు ఆ లోటు తీర్చదు.

[బల్ల మీద: పళ్లెంలో చిన్న కానాగంతలు, పక్కన స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలు.]

ఇవి మార్కెట్లో తీసుకున్నవి. అరకిలో. అమ్మే అక్కని అడిగా, "ఏంటక్కా, ఇంత చిన్నవి తెచ్చారు?" అని. "పెద్దవి ఏవి తమ్ముడూ, ఇవే వస్తున్నాయి" అంది.

స్కేలు పక్కన పెడుతున్నా చూడండి. ముక్కు దగ్గర సున్నా, తోక చివర... పదకొండు. ఇంకోటి. పదకొండున్నర. ఇది పన్నెండు కూడా లేదు. ఒకదాని పొట్ట కోసి చూపిస్తా. చూశారా, పేగులు తప్ప ఇంకేం లేవు. గుడ్ల తిత్తి ఇంకా ఎదగనే లేదు. ఈ చేప ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే మన పళ్లెంలోకి వచ్చింది.

కేరళలో కానాగంత 14 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే పట్టడానికి వీల్లేదు. నూనె కవళ్లకి 10 సెంటీమీటర్లు. 2015లో వాళ్లు 14 రకాల చేపలకి ఇలా కనీస సైజు పెట్టారు. 2017కి దాన్ని 58 రకాలకి పెంచారు. ఈ సైజులు ఊరికే రాలేదు. కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఏ చేప ఏ సైజులో మొదటిసారి గుడ్లకొస్తుందో కొలిచి చెప్పింది. కనీసం ఒక్క కాన్పయినా అవ్వనివ్వండి అన్నది దాని వెనకున్న ఆలోచన.

అదే కేరళలో కవళ్ల సంగతి కూడా చెప్పాలి. 2012లో దాదాపు 4 లక్షల టన్నులు ఒడ్డుకొచ్చాయి. 2021లో 3,500 టన్నులు కూడా రాలేదు. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు తప్పు పడిందేమో అనుకుని మళ్లీ చదివా. చిన్న చేపని పట్టడం ఒక్కటే దీనికి కారణం కాదు, మధ్యలో ఎల్‌నినో వచ్చింది, సముద్రం వేడెక్కింది. బ్యారేజీ భాషలో చెప్పాలంటే, పైనుంచి వచ్చే నీళ్లు తగ్గిపోయాయన్నమాట. నీళ్లు తగ్గినప్పుడు ఇక్కడ ఏం చేస్తారు? గేట్లు దించుతారు. వరదప్పుడు ఎత్తిన గేట్లు వేసవిలో కూడా అలాగే ఎత్తి ఉంచితే కాలవలకి చుక్క ఎక్కదు.

బ్యారేజీకీ సముద్రానికీ ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ నీటిమట్టం ఎంతో గోడ మీద గీతలు చూసి చెప్పొచ్చు. సముద్రంలో గీతలుండవు. రేవులో దిగిన చేపని తూచి, కొలిచి, దాన్నిబట్టి లోపల ఎంతుందో అంచనా వెయ్యాలి. అంచనా మారితే రూల్ మారుతుంది బాబాయ్, అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నిషేధం రోజులొక్కటే చాలవు అని ఎందుకంటున్నానో.

2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. అన్ని గేట్లూ ఎత్తారు. అందరి కళ్లూ ఈ బ్యారేజీ మీదే. కానీ సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. మనం ఇటు చూస్తుంటే నీళ్లు అటునుంచి వచ్చాయి.

చేపల విషయంలో వల కన్నే మన బుడమేరు. 61 రోజులు బోట్లు కదలకుండా కాపలా కాస్తాం. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, బాగానే ఉంది. జూన్ 15న బోట్లు బయల్దేరతాయి. వాటితోపాటు వెళ్లే వల కన్ను వేలి సందంత ఉంటే? రెండు నెలలు దాచిన పిల్లలన్నీ రెండు వారాల్లో ఒడ్డుకొస్తాయి. మనుషులు తినగా మిగిలింది ఎండబెట్టి దాణా కింద పోతుంది. వేట మానుకుని ఇంట్లో కూర్చున్న ఆ మత్స్యకారుడి 61 రోజుల కష్టం కూడా దాంతోపాటే పోతుంది. నాకు బాధనిపించేది అక్కడే.

[చేతిలో ఉల్లిపాయల ఎర్ర వల సంచి.]

ఇది ఉల్లిపాయల సంచి. మెల్లగా పట్టుకుంటే కన్నులన్నీ విప్పారి ఉన్నాయి, నా చూపుడు వేలు దూరుతోంది. ఇప్పుడు కింద బరువు కట్టి పైకి లాగుతున్నా. చూడండి. కన్నులు పొడుగ్గా సాగి మూసుకుపోయాయి. అగ్గిపుల్ల దూరడం కూడా కష్టంగా ఉంది. కన్ను సైజు మారిందా? మారలేదు. లాగినప్పుడు మూసుకుపోయింది.

ట్రాల్ బోటు ఈడ్చుకెళ్లే వలకి చివర చేపలు పోగయ్యే సంచి ఉంటుంది, అందులో అచ్చం ఇదే జరుగుతుంది. రూల్ ప్రకారం కన్ను ఉన్నా, బోటు లాగేటప్పుడు చేపల బరువుకి, నీటి ఒత్తిడికి మూసుకుపోతుంది. చిన్న చేప బయటికి పోదామన్నా దారుండదు. దీనికి విరుగుడు కొచ్చిలోనే ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్లు ఎప్పుడో చెప్పారు. చివర సంచిని చదరపు కన్నుతో కుట్టండి, 40 మిల్లీమీటర్లది అని. దారాలు నిలువుగా, అడ్డంగా ఉంటాయి కాబట్టి బరువంతా నిలువు దారాల మీద పడుతుంది, కన్ను తెరుచుకునే ఉంటుంది. చిన్నవి జారిపోతాయి. "వల కన్ను 40" అని రాస్తే సరిపోదు, ఆ కన్ను ఏ ఆకారంలో ఉండాలో కూడా రాయాలి. రూల్‌ని ఎప్పటికప్పుడు సరిచేయాలనేది ఇలాంటి వాటికోసమే.

వల కన్ను ఎంత సీరియస్ విషయమో మన పక్కనే చూశాం. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారుల మధ్య పెద్ద గొడవ జరిగింది. దేనిమీద? వల కన్ను మీద. చిన్న కన్ను వల వేసినవాడికి ఈరోజు కూడు, పెద్ద కన్ను వల వేసేవాడికి రేపటి దిగులు. రెండువైపులా ఉన్నది పొట్టకూటి బాధే. గేటు ఎంత ఎత్తాలో తేల్చాల్సినవాళ్లు తేల్చకపోతే ఒడ్డున ఉన్నవాళ్లు కొట్టుకుంటారు.

మరి ఎవరు తేల్చాలి? తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఆ తర్వాత కేంద్రానిది. మనకి 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. ఏటా 61 రోజుల నిషేధం జీవో వచ్చేది దాని కిందే. సైజులు, వలలు, కాలం, ప్రాంతం, ఇవన్నీ ఆర్డర్ మీద నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఆ చట్టంలోనే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తా.

నది. ఏప్రిల్ నిషేధం కృష్ణకి వర్తించదు, అది సముద్రానికి. ఏటి చేప గుడ్లు పెట్టేది కొత్త నీరొచ్చాక, వానల్లో. బొచ్చె, శీలావతి వరదకి ఎదురెక్కుతాయి. కొరమీను సంగతి ఇంకా చిత్రం. కాలవ అంచున గడ్డి మధ్య నీళ్ల మీద ఎర్రగా పిల్లల గుంపు కదులుతుంటే, దాని కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. గాలం వేసేవాళ్లకి ఆ సంగతి తెలుసు. ఆ కాపలా చేపని లాగేస్తే పైనున్న పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. దయచేసి ఆ నెలల్లో గుంపు మీద గాలం వెయ్యకండి. నదికి మనం ఇప్పటికీ నమ్ముకుంటున్న పాత చట్టం 1897 నాటిది. డైనమైట్, విషం వెయ్యకూడదని అందులో రాశారు. నైలాన్ వల అప్పటికి పుట్టనే లేదు.

దూరం. మన తీరంలో మొదటి 8 కిలోమీటర్లు నాటు పడవలవి, మరబోట్లు ఆ లోపల వేట చెయ్యకూడదు. రూల్ మంచిదే, చూసేవాళ్లు కావాలి.

తాబేళ్లు. బాపట్ల దగ్గర సూర్యలంక వైపు ఇసుకలో గుడ్లు పెట్టే తాబేలు వలలో పడితే ఊపిరాడక చస్తుంది. వల నుంచి అది బయటపడే తలుపు పెట్టలేదన్న కారణంతోనే అమెరికా మన సముద్రపు రొయ్యని ఆపేసింది.

పొరుగు దేశం. బంగ్లాదేశ్‌లో మే 20 నుంచి జూలై 23 దాకా 65 రోజుల నిషేధం ఉండేది. వాళ్లు ఆగినప్పుడు ఇటువాళ్లు పడుతున్నారని అక్కడి మత్స్యకారుల గోల. 2025లో దాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కి మార్చుకున్నారు. 58 రోజులు, మనతో దాదాపు కలిసేలా. చూశావా బాబాయ్, వాళ్లు కూడా గేటు తిప్పారు.

చివరిగా డబ్బు. నిషేధకాలంలో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 10,000 నుంచి 2025లో 20,000 అయింది. రెండు నెలలకి అది సరిపోతుందా అన్నది ఇల్లు నడిపేవాళ్లని అడగాలి. కానీ వల మార్చమన్నప్పుడు కూడా ఇలాగే ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. అప్పుచేసి కొన్న వలని రేపట్నుంచి చెల్లదు అంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు?

అందుకే నేను ముందు తిప్పాలనే గేటు చివర సంచి. వల మొత్తం మార్చక్కర్లేదు, ఆ సంచి ఒక్కటి మారిస్తే చాలు. పాత సంచి తెచ్చినవాళ్లకి చదరపు కన్ను సంచి ఉచితంగా ఇవ్వాలి. దానికి టైమ్ కూడా ఉంది. ఈ 61 రోజుల్లో నిజాంపట్నం రేవుకి వెళ్లి చూడండి, మగవాళ్లంతా బోట్ల నీడన కూర్చుని వలలే బాగుచేసుకుంటూ ఉంటారు. సూది, దారం అప్పటికే వాళ్ల చేతుల్లో ఉంటాయి.