యుద్ధానికి చందా ఎవరిస్తున్నారు?

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను.

వియత్నాంలో అమెరికా చేసిన యుద్ధం మాట ఎత్తగానే రెండు వాదనలు వస్తాయి. "అంత పెద్ద సైన్యం ఉండి అమెరికా పారిపోయింది" అని ఒకరంటారు. "సైన్యం గెలిచేదే, ఇంట్లోవాళ్లే వెన్నుపోటు పొడిచారు" అని ఇంకొకరు. ఈ రెండోది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కొడుకునీ పన్నునీ ఇచ్చిన మనిషి లెక్క అడిగితే వెన్నుపోటు ఎలా అవుతుంది?

మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వస్తోందంటే మా వీధిలో చందా పుస్తకం తిరుగుతుంది. మొదటిసారి ఎవరూ కాదనరు. అమ్మవారి పని, పైగా పక్కింటివాళ్లు ఇచ్చారు. పది రోజులకి మళ్లీ వస్తే, గుమ్మంలోనే నిలబెట్టి "మొన్నటిదేం చేశారు?" అని అడుగుతారు. మూడోసారి వస్తే లోపల టీవీ మోగుతూనే ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు.

ఇప్పుడు వియత్నాంకి వెళ్దాం.

[తెర మీద: 416–0, 88–2]

1964 ఆగస్టు, వియత్నాంలో సైన్యాన్ని దింపే అధికారం అధ్యక్షుడికిచ్చిన టాంకిన్ తీర్మానం. అమెరికా పార్లమెంటు దిగువ సభలో 416 మంది సరే అన్నారు, ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో ఇద్దరే వద్దన్నారు. ఇది మొదటి చందా. 1968 జనవరి చివర్లో, వాళ్ల కొత్త సంవత్సరం పండుగ టెట్ రోజుల్లో, ఉత్తర వియత్నాం పక్షం దక్షిణాది నగరాల మీద విరుచుకుపడింది. దాన్నే టెట్ దాడి అంటారు. సైన్యం లెక్కలో చూస్తే దాడి చేసినవాళ్లకే ఘోరమైన నష్టం, పట్టుకున్న నగరాలు వాళ్ల చేతిలో నిలవలేదు. కానీ "దగ్గరపడింది, గెలిచేస్తున్నాం" అని అప్పటిదాకా విన్న ఇళ్లలో టీవీ వేరే దృశ్యం చూపించింది. సరిగ్గా అప్పుడే సైన్యాధికారులు ఇంకో 2,06,000 మంది కావాలన్నారని మార్చిలో పేపర్లో వచ్చింది. గెలిచేస్తుంటే ఇంకా ఎందుకు? ఇది రెండో చందా. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ టీవీలోకి వచ్చి, మళ్లీ పోటీ చేయనని చెప్పేశారు. ఆ ఏడాదే ఆదాయపు పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి కూడా పడింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. 1969 డిసెంబరు 1 రాత్రి, సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి లాటరీ తీశారు. ఒక గాజు పాత్ర, అందులో 366 నీలం ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఒక్కో పుట్టినరోజు చీటీ. మొదట వచ్చింది సెప్టెంబరు 14. అది మీ అబ్బాయి పుట్టినరోజు అనుకోండి. టీవీ ముందు కూర్చున్న తల్లికి ఆ క్షణం నుంచి వియత్నాం ఎక్కడో ఉన్న దేశం కాదు. చందా పుస్తకం గుమ్మంలోకి వచ్చేసినట్టే. కాలేజీలో చదువుతున్నాడని అంతవరకూ తప్పించుకున్న ఇళ్ల మీదా ఆ నీడ పడింది. ఠాకురాణి యాత్రలాగే అక్కడ దిగువ సభ ఎన్నికలు కూడా రెండేళ్లకోసారి. రెండేళ్లకోసారి దిగువ సభ సభ్యుడు ఓటు కోసం ఆ తల్లి గుమ్మంలోకి రావాల్సిందే. చివరికి 1973లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఇండోచైనాలో (వియత్నాం, దాని పక్క దేశాల్లో) పోరాటానికి డబ్బే ఆపేసింది.

అదే ఏడాది నిర్బంధ సైన్య సేవ కూడా ఆగిపోయింది. అక్కడినుంచి కథ మారింది. ఇష్టపడి చేరినవాళ్లే యుద్ధానికి వెళ్తారు. ఇరాక్ యుద్ధం మొదలైన 2003లోనే పన్నులు తగ్గించారు, ఖర్చుకి అప్పు తెచ్చారు. అంటే కమిటీవాళ్లు వడ్డీకి తెచ్చి పందిరి వేశారు, మోసేవాళ్లని కూలికి పెట్టుకున్నారు, మన గుమ్మం తొక్కలేదు. ఇక లెక్క ఎవరడుగుతారు? అఫ్గానిస్తాన్‌లో 20 ఏళ్లు ఉండగలగడానికి నా దృష్టిలో అసలు కారణాల్లో ఇదొకటి. బలం ఎక్కువై ఉండిపోయారని నేననుకోను.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన దగ్గరా జరిగింది.

శ్రీలంక ప్రభుత్వానికీ తమిళ పులులకీ మధ్య పోరు ఆపడానికి మన దేశం పంపిన శాంతి సేనలో మా పక్కింటి పెదనాన్న లంకకి వెళ్లారు. ఆయన నల్ల ట్రంకు పెట్టె ఇప్పటికీ వరండాలోనే ఉంటుంది, దాని మీద తెల్ల రంగు నంబరు సగం చెరిగింది. రెండు దేశాల మధ్య 1987 జూలై ఒప్పందంతో వెళ్లిన మన సైన్యం, చివరికి పులులతోనే పోరాడి, దాదాపు 1,200 మందిని పోగొట్టుకుంది. అక్కడ ప్రేమదాస అధ్యక్షుడై వెళ్లిపొమ్మన్నారు. ఇక్కడ 1989లో ఎన్నికలు. వెనక్కి రావడం రాజీవ్ గాంధీ హయాంలోనే మొదలైంది, వి.పి. సింగ్ వచ్చాక 1990 మార్చి 24తో పూర్తయింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద పోరాడి వచ్చిన సైన్యానికి దండ వేస్తే తమిళనాడులో ఓటరు ఏమంటాడో ఆయనకి తెలుసు. "మమ్మల్ని పంపిందీ ఓట్లే, రప్పించిందీ ఓట్లే. మధ్యలో పోయినవాళ్ల సంగతే ఎవరూ మాట్లాడలేదు" అంటారు పెదనాన్న. ఆ మాట దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. స్పెయిన్: 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్లు, మూడు రోజులకే ఎన్నికలు, ప్రభుత్వం మారింది, ఇరాక్ నుంచి సైన్యం వెనక్కి వచ్చింది. బ్రిటన్: 2013లో సిరియా మీద దాడికి పార్లమెంటు 285–272తో వద్దంది, ప్రధాని ఆగిపోయారు. సైన్యం ఇంకా కదలకముందే తలుపు వేసేశారన్నమాట. వీటి మీద విడిగా వీడియో చేయాలి.

చివరిగా మన సంగతి ఇంకొకటి. 2003లో ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. వాజ్‌పేయి ప్రభుత్వం వారాల తరబడి ఆలోచించింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలున్నాయి, ప్రతిపక్షం వద్దంటోంది. ఐక్యరాజ్యసమితి స్పష్టంగా ఆదేశించకుండా పంపలేమని జూలై 14న చెప్పేసింది. మర్నాడు పేపర్లో అది చదివి పెదనాన్న కళ్లజోడు తీసి, పేపరు మడిచి ఆ ట్రంకు పెట్టె మీద పెట్టారు. లేచి వెళ్లి వాళ్లబ్బాయికి ఫోన్ చేశారు. అప్పటికి ఆ అబ్బాయి సైన్యంలో చేరి రెండేళ్లు.